లేజర్‌తో కళ్లద్దాలు తీయించుకోవాలనుకునే వరంగల్ వైపు వాళ్లకు

ఆపరేషన్ టేబుల్ మీద మీరు ఉండేది రెండు కళ్లకూ కలిపి అరగంట లోపే. అందులో లేజర్ పనిచేసేది సెకన్ల లెక్క. మీ చూపు ఎలా ఉండబోతుందన్నది మాత్రం చాలావరకు అంతకుముందు చేసే పరీక్షల్లో, ఆ తర్వాత నెల రోజులు దుబ్బకు, ఘాటుకు, నీళ్లకు మీరు ఎంత దూరంగా ఉన్నారన్న దానిలో తేలుతుంది. అందుకే ఇక్కడ ఆపరేషన్ గురించి తక్కువ, దాని ముందూ వెనకల గురించి ఎక్కువ చెప్తాను.

మన దగ్గర శుక్లం తీయించుకున్నా, షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనకుండే తెర, దెబ్బతిని చికిత్స చేయించుకున్నా, అద్దాల పవర్ తీయించుకున్నా అన్నిటికీ కలిపి ‘లేజర్ కొట్టించుకున్నడు’ అనేస్తారు. అవి మూడూ వేర్వేరు. పక్కింటి పెద్దమ్మకు శుక్లం తీసి లెన్స్ వేశారు కాబట్టి ఆమె చెప్పే పథ్యాలు మీకు పనికిరావు. మనం మాట్లాడేది కార్నియాను, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొరను, లేజర్‌తో సరిచేసి మైనస్, సిలిండర్ పవర్ తీసే పద్ధతి గురించి.

మొదట: అసలు మీరు చేయించుకోవచ్చా?

18 ఏళ్లు నిండాలన్నది కనీస షరతు. వయసు కంటే ముఖ్యం పవర్ నిలబడటం. గడిచిన ఏడాదిలో 0.5 కంటే ఎక్కువ మారి ఉంటే ఆగాల్సిందే. డిగ్రీ, బీటెక్ చదివే పిల్లల్లో చాలామందికి పవర్ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు తొందరపడితే కొన్నాళ్లకు మళ్లీ అద్దాలు తప్పవు. సంబంధాలు చూడకముందే అమ్మాయి అద్దాలు తీయించాలని ఇంట్లో హడావుడి పడటం మామూలే. ఆ ఒత్తిడికి లొంగకండి. తేదీ పవర్‌ను చూసి పెట్టుకోవాలి, పెళ్లిచూపులను చూసి కాదు.

గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఆ కాలం దాటేదాకా ఆగాలి, హార్మోన్ల వల్ల పవర్ మారుతుంటుంది. షుగర్ అదుపులో లేకపోయినా, రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ లాంటి జబ్బులున్నా, కళ్లు బాగా పొడిబారుతున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వేసుకుంటుంటే అదీ చెప్పాలి. చర్మం మందుకూ కంటికీ సంబంధమేంటని చాలామంది దాటేస్తారు, కానీ అది కంటిని ఎండబెట్టే మందు.

నలభై దాటినవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. దూరపు చూపు లేజర్‌తో బాగైనా, దగ్గరి అక్షరాలకు చత్వారం అద్దాలు వస్తాయి. వయసుతో కంటి లోపలి లెన్స్ గట్టిపడటం వల్ల వచ్చేది అది, కార్నియాను సరిచేసినంత మాత్రాన ఆగదు.

ఉద్యోగం కోసం చేయించుకునేవాళ్లయితే ఆస్పత్రికి పోయే ముందు నోటిఫికేషన్ చదవండి. కాజీపేటలో రైల్వే కొలువు కలగనే పిల్లలు ఎంతోమంది. అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్‌లో లేసిక్, అంటే లేజర్‌తో అద్దాలు తీసే పద్ధతుల్లో ఒకటి, చేయించుకున్నవాళ్లు అనర్హులని స్పష్టంగా రాసి ఉంటుంది. అద్దాలు తీస్తే ఉద్యోగం వస్తుందనుకుని, ఆ తీయడంతోనే అవకాశం పోగొట్టుకునే పరిస్థితి అన్నమాట. పోలీసు, సైన్యం, వైమానిక దళం ఒక్కోదానికి ఒక్కో షరతు. కొన్నిచోట్ల ఆపరేషన్ తర్వాత ఇన్ని నెలలు గడవాలని కూడా ఉంటుంది. హన్మకొండ కోచింగ్ సెంటర్‌లో సీనియర్ చెప్పిన మాట మీద కాకుండా, ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని మెడికల్ ప్రమాణాల పేజీ చూసి నిర్ణయించుకోండి.

ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉంటే పాలసీ తీసి చూడండి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో 7.5 డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే యూనిట్) కంటే తక్కువ పవర్‌ను సరిచేయించుకునే ఖర్చును మినహాయించే నిబంధన సాధారణంగా ఉంటుంది. అంటే మైనస్ నాలుగు, అయిదు ఉన్నవాళ్లు డబ్బు జేబులోంచే పెట్టుకోవాలి. ఆస్పత్రి చెప్పే రేటులో పరీక్షలు, చుక్కల మందులు, తర్వాతి చెకప్‌లు కలిసి ఉన్నాయా, పవర్ కొంచెం మిగిలితే రెండోసారి చేయడానికి మళ్లీ తీసుకుంటారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

తేదీ ఎప్పుడు పెట్టుకోవాలి?

డాక్టర్లు దీని గురించి పెద్దగా చెప్పరు. ఏ నెలైనా ఫర్వాలేదంటారు, వైద్యపరంగా అది నిజమే. కానీ ఆ తర్వాత నెల రోజులు గడపాల్సింది మన ఊళ్లో.

మీది మిర్చి పండించే ఇల్లయితే జనవరి నుంచి ఏప్రిల్ దాకా వద్దే వద్దు. కల్లంలో కాయ ఎండుతుంటే ఆ చుట్టుపక్కల మామూలు కళ్లే మండుతాయి. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీగా, గుమాస్తాగా, అడ్తిదారుగా పనిచేసేవాళ్లకూ అంతే. వరి కోతల సమయంలో హార్వెస్టర్ లేపే పొట్టు, పత్తి జిన్నింగ్ మిల్లులో ఎగిరే నూగు, భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ దగ్గర గ్రానైట్ కోసే చోట లేచే పొడి... మీ కంటికి పడనిదేదో మీకే తెలుసు. ఆ సీజన్ తప్పించండి. హోలీకి కనీసం నెల ముందు గానీ, పండగ అయిపోయాక గానీ పెట్టుకోండి. మేడారం జాతర ఏడాదైతే జంపన్నవాగులో మునగాలన్న మొక్కు ముందే తీర్చుకుని రండి. ఆపరేషన్ అయిన నెలలోపు వాగు స్నానం కుదరదు, ఆ జనంలో లేచే దుబ్బ సరేసరి.

నన్నడిగితే తొలకరి పడి దుబ్బ అణిగిన రోజులు మంచివి. కాకపోతే వానాకాలంలో కళ్లకలక తిరుగుతుంటుంది. 2023లో జూలై, ఆగస్టు నెలల్లో రాష్ట్రమంతా ఎలా పాకిందో గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా కళ్లు ఎర్రబడితే తేదీ వాయిదా వేయించుకోండి, మొహమాటపడొద్దు.

పరీక్షల రోజు

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు వాటిని ముందే మానేయాలి. మెత్తటివైతే వారం, రెండు వారాలు, గట్టివైతే మూడు వారాలు లేదా అంతకంటే ఎక్కువ. లెన్స్ కార్నియా ఆకారాన్ని కొద్దిగా నొక్కి ఉంచుతుంది. మానకుండా పోతే యంత్రం తప్పు కొలత చూపిస్తుంది, ఆ కొలత మీదే లేజర్ పోతుంది. పాత అద్దాల చీటీలన్నీ వెతికి పట్టుకెళ్లండి. కంటి వెలుగు శిబిరంలో రాసిచ్చిన నంబర్ ఉంటే అదీ పనికొస్తుంది. పవర్ ఆగిందా లేదా అన్నదానికి వాటికి మించిన సాక్ష్యం లేదు.

పరీక్షల్లో అన్నిటికంటే ముఖ్యమైనవి కార్నియా మందం, దాని ఆకారపు పటం. పెంటాక్యామ్ లాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి రంగురంగుల మ్యాప్ తీస్తారు. ఆ కాగితం చూసి ఒక చిన్న లెక్క మీరే వేసుకోవచ్చు. మందం 520 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉందనుకోండి. లేసిక్‌లో పైన తెరిచే పొర దాదాపు 110 మైక్రాన్లు. ఒక్కో డయాప్టర్‌కు సుమారు 14 మైక్రాన్లు చెక్కాలి, కాబట్టి మైనస్ అయిదుకు 70. ఈ రెండూ తీసేస్తే కింద 340 మిగులుతుంది. కనీసం 250 మిగలాలి, 300 ఉంటే నిమ్మలం. అదే 480 మందం ఉండి మైనస్ ఎనిమిది ఉన్నవాళ్లకు 258 దగ్గర ఆగుతుంది. గీత మీద నిలబడటమే అది. అలాంటి కంటికి జాగ్రత్త గల డాక్టర్ లేసిక్ వద్దంటారు.

మందం సరిపోయినా ఆకారం అనుమానంగా ఉంటే వద్దనే అంటారు. కెరటోకోనస్ అని, కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు ఒకటుంది. కళ్లు దురదపెట్టి చిన్నప్పటి నుంచీ నలిపే అలవాటున్నవాళ్లలో ఇది ఎక్కువ. బయటికి తెలియకుండా మొదటి దశలో ఉన్నప్పుడు లేజర్ చేస్తే చూపు అద్దాలకు కూడా అందనంతగా దెబ్బతినొచ్చు. మీకు ‘కుదరదు’ అన్న డాక్టర్ మీద కోపం తెచ్చుకుని, ‘చేస్తాం రండి’ అనేవాళ్ల కోసం నాలుగు ఆస్పత్రులు తిరగకండి. రెండో అభిప్రాయం కావాలంటే ఆ మ్యాప్ కాగితాలు తీసుకుని వేరే కార్నియా నిపుణుడికి చూపించండి. రేటు తగ్గించే చోటికి కాదు.

కన్నీళ్ల పరీక్ష చేస్తారు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూస్తారు. మైనస్ ఎక్కువున్నవాళ్లకు రెటీనా అంచులు పలచబడి ఉంటాయి, రంధ్రం ఏదైనా ఉంటే ముందు దానికి చికిత్స చేయాలి. ఈ చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. బండి మీద పోయి ఒక్కరే తిరిగి రావాలనుకోకండి. నల్లద్దాలు, తోడుగా ఒకరు ఉండాలి.

ఏ పద్ధతి?

లేసిక్‌లో కార్నియా పైపొరను పుస్తకం అట్టలా ఒక పక్కకు తెరిచి, కింద లేజర్‌తో చెక్కి, మళ్లీ మూసేస్తారు. మర్నాటికే చూపు తేటపడుతుంది. స్మైల్‌లో ఆ మూత ఉండదు, లోపల లేజర్‌తో పలచటి బిళ్లలా కోసి చిన్న గాటులోంచి లాగేస్తారు. పీఆర్‌కేలో పైచర్మాన్ని తొలగించి నేరుగా పైనే చెక్కుతారు. మూడు నాలుగు రోజులు నొప్పి బాగా ఉంటుంది, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అయినా కార్నియా పలచగా ఉన్నవాళ్లకు, కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు డాక్టర్లు దాన్నే సూచిస్తుంటారు, దెబ్బ తగిలితే కదలడానికి మూత ఉండదు కదా. ఏదీ కుదరకపోతే కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్స్ ఉంది, అది వేరే కథ. కొత్త పేరు, ఎక్కువ రేటు చూసి ఎంచుకునే విషయం కాదిది. మీ మ్యాప్‌కు ఏది సరిపోతుందో అదే సరైనది. అన్ని యంత్రాలూ ఒకే చోట ఉండవు కాబట్టి, తమ దగ్గర లేని పద్ధతి మీకు మంచిదైతే ఆ మాట చెప్తారా అని సూటిగా అడగండి.

ముందు రోజు, ఆ రోజు

క్షవరం ముందే చేయించుకోండి. ఆ తర్వాత కొన్ని వారాలు వెంట్రుక ముక్కలు కంట్లో పడటం మంచిది కాదు. తలస్నానం ముందు రోజే ముగించండి. కాటుక, ఐలైనర్ రెండు మూడు రోజుల ముందు నుంచీ మానేయండి, రెప్పల మొదళ్లలో మిగిలిపోతాయి. ఆ రోజు సెంటు, డియోడరెంట్, తలనూనె వద్దు. సెంటు ఆవిరి లేజర్ కిరణానికి అడ్డు పడుతుంది. టీషర్టు కాకుండా గుండీల చొక్కా వేసుకోండి, ఇంటికొచ్చాక తల మీదుగా లాగే పని ఉండదు. మత్తు ఇవ్వరు కాబట్టి మామూలుగా తినే పోవచ్చు, ఆస్పత్రి వాళ్లు వేరేగా చెబితే తప్ప.

లోపల సూది ఉండదు. మొద్దుబార్చే చుక్కలు వేస్తారు, రెప్పలు మూసుకుపోకుండా చిన్న క్లిప్పు పెడతారు. పొర కోసేటప్పుడు కంటి మీద గట్టిగా అదిమినట్టుంటుంది, కాసేపు చూపు మసకబారి చీకటవుతుంది. టెన్షన్ పడేది అక్కడే. అది ఆ అదుముడు వల్ల వచ్చే చీకటి, వదలగానే పోతుంది. తర్వాత మినుకుమినుకుమనే లైటును చూస్తూ ఉండమంటారు. టకటకమని శబ్దం, వెంట్రుకలు కాలిన వాసన వస్తాయి. కన్ను కాలుతోందేమోనని బెదిరిపోకండి. ఈ ఎక్సైమర్ లేజర్ వేడితో కాల్చదు, కణజాలపు బంధాలనే తెంపి ఆవిరి చేస్తుంది. కణజాలం మీద దాని ఈ గుణాన్ని కనిపెట్టినవాళ్లలో మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. 1981లో అమెరికాలోని ఐబీఎం ల్యాబులో, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద లేజర్ వేసి చూస్తే చుట్టూ మాడకుండా శుభ్రంగా తెగింది. కంటి వైద్యులు అందుకున్నది ఆ తర్వాతే.

కన్ను కొంచెం కదిలిందని భయపడక్కర్లేదు. యంత్రం పాపను వెంబడిస్తుంది, మరీ కదిలితే దానంతటదే ఆగుతుంది. తల మాత్రం తిప్పొద్దు, మాట్లాడొద్దు.

మొదటి రాత్రి

బయటికి రాగానే పొగమంచులోంచి చూసినట్టు కనిపిస్తుంది. గంటలోపు మొద్దు దిగి మంట, నీళ్లు కారడం మొదలవుతాయి, నాలుగైదు గంటలుంటాయి. ఇచ్చిన నొప్పి బిళ్ల వేసుకుని, మందు వేళకు లేస్తూ పడుకోవడమే ఉత్తమం. హైదరాబాద్‌లో చేయించుకుంటే ఆ రాత్రి అక్కడే ఉండండి, మర్నాడు పొద్దున చెకప్ ఉంటుంది. అదయ్యాక ఉప్పల్ నుంచి ఏసీ బస్సో, సికింద్రాబాద్ నుంచి రైల్లో ఏసీ చైర్‌కారో పట్టుకోండి. కిటికీ తెరిచిన బస్సులో జనగామ దాకా గాలి కొట్టించుకుంటూ రావడం కంటికి శిక్ష.

ఇంటికొచ్చాక చూడటానికి చుట్టాలొస్తారు. నందివర్ధనం పూలు పెట్టుకోమని ఒకరు, తల్లిపాల చుక్క వేయమని ఒకరు, ఆముదం చల్లదనమని ఇంకొకరు చెప్తారు. ‘సరే అత్తమ్మా’ అనండి, డాక్టర్ రాసింది తప్ప ఏదీ కంట్లో వేయొద్దు. పొర మూసుకునే రోజుల్లో ఇన్ఫెక్షన్ పడితే కార్నియా మీద మచ్చ మిగులుతుంది.

చుక్కల మందు

మామూలుగా మూడు రకాలు రాస్తారు: యాంటీబయాటిక్, స్టెరాయిడ్, కన్నీళ్ల చుక్కలు. ఏది ఎన్నిసార్లో కాగితం మీద గళ్లు గీసి గోడకు అంటించండి, వేసినప్పుడల్లా టిక్ పెట్టండి. రెండు మందుల మధ్య అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్పను చెంప మీద నుంచి మెల్లగా కిందికి లాగి, పైకి చూస్తూ ఒక్క చుక్క వేయండి. సీసా మూతి రెప్పకు తగలకూడదు. వేశాక కారిన నీళ్లను చెంప మీదే తుడవండి, కంటి మీద కాదు.

స్టెరాయిడ్ చుక్కల విషయంలో మాత్రం పైలం. దాన్ని మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు. అంతకంటే పెద్ద తప్పు, హాయిగా ఉందని మెడికల్ షాపులో మళ్లీ కొనుక్కుని నెలల తరబడి వేసుకోవడం. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, నొప్పి లేకుండానే. కన్నీళ్ల చుక్కలు అలా కాదు, అవి నెలలపాటు అవసరమవుతాయి.

మొదటి నెల

నలపకూడదు. మిగతావన్నీ దీని తర్వాతే. మెలకువలో మనం ఆపుకుంటాం, నిద్రలో చెయ్యి ఆగదు. అందుకే వారం రోజులు రాత్రిపూట ఇచ్చిన ప్లాస్టిక్ కవచాలు టేపుతో అంటించుకుని పడుకోవాలి. చిన్నపిల్లలుంటే వేరే మంచం మీద పడుకోండి, నిద్రలో వాళ్ల చేతులు మన ముఖం మీదే పడతాయి.

మొదటి వారం ముఖం తడిగుడ్డతో తుడుచుకోవడమే, స్నానం మెడ కింది నుంచి. తర్వాత తల కడిగించుకోవాలంటే వెనక్కి వాలి, ఇంకొకరితో పోయించుకోండి. కుంకుడుకాయ రసం నెల రోజులు మరిచిపోండి. బావి, చెరువు, ఈతకొలను కూడా నెల దాకా వద్దు.

వంటింట్లో పోపు ఘాటు, కట్టెల పొయ్యి పొగ, పూజగదిలో అగరొత్తులు, బోనాల నాటి పసుపు, విభూతి అన్నీ కంటిని రేపేవే. పది రోజులు వంట ఇంకొకరి మీద పెట్టండి. ఆడవాళ్లకు ఈ సెలవు అడిగినా దొరకదు కాబట్టి, డాక్టర్ చెప్పారని గట్టిగా చెప్పండి. అబద్ధం కూడా కాదు.

లేసిక్ అయినవాళ్లు చాలామంది రెండు మూడు రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చోగలరు. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గి కన్ను ఎండుతుంది. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూసి, కావాలని రెప్పలు ఆడించండి. మొదటి రోజు ఫోన్ ఇంట్లోవాళ్లకు ఇచ్చేయండి. బండి నడపడం డాక్టర్ చూపు చూసి ఒప్పుకున్నాకే. బైక్ మీద పోతే అద్దం దించిన హెల్మెట్, లోపల కళ్లజోడు రెండూ ఉండాలి.

రాత్రి పూట ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుతాయి, కొందరికి కొంత మిగిలిపోతుంది. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా కనిపించడం, కన్ను గరగరలాడటం కూడా మామూలే. కార్నియాలో తెగిన సన్నని నరాలు తిరిగి పెరిగే మూడు నుంచి ఆరు నెలల దాకా పొడిదనం ఉంటుంది.

మామూలు కానివి వేరు. తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, ఎర్రదనం ముదరడం, చూపు హఠాత్తుగా మసకబారడం, పుసి కారడం, కంటికి దెబ్బ తగలడం. ఇవి జరిగితే తెల్లారేదాకా ఆగొద్దు, చేసిన ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఆ అత్యవసర నంబర్ డిశ్చార్జి రోజే ఫోన్‌లో వేసుకోవాలి, ములుగు అవతల ఊళ్లో అర్ధరాత్రి వెతుక్కుంటే దొరకదు. మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కన తెర దిగినట్టు నీడ కనిపిస్తే అది రెటీనా సంగతి, ఆపరేషనై ఎన్నేళ్లయినా సరే. లేజర్ అద్దాలు తీస్తుంది తప్ప మైనస్ కంటి రెటీనాను మార్చదు, అందుకే ఏడాదికోసారి పాప పెద్దది చేయించి చూపించుకోవాలి.

ఫైలు

ఆపరేషన్‌కు ముందటి పవర్, కార్నియా మ్యాప్, మందం ఉన్న కాగితాలు అడిగి తీసుకుని ఇంటి పట్టాల పక్కన దాచండి, ఫొటో తీసి ఫోన్‌లోనూ పెట్టుకోండి. ముసలితనంలో శుక్లం వచ్చినప్పుడు లోపల వేసే లెన్స్ నంబర్ లెక్కగట్టడం లేజర్ చేసిన కంటికి కష్టం, ఆ పాత కొలతలుంటే తేలికవుతుంది. కార్నియా పలచబడినందువల్ల కంటి ఒత్తిడి కూడా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, నీటికాసులు ఉన్నా పరీక్షలో తప్పిపోవచ్చు. కాబట్టి ఇకమీదట ఏ కంటి డాక్టర్ దగ్గరికి పోయినా, శిబిరమైనా సరే, కుర్చీలో కూర్చోగానే లేజర్ అయిందని చెప్పాలి.